ఫిజీ దీవుల రగ్బీ జట్టు: దాని చరిత్రము

ఇంగ్లీషువారు తాము పాలించిన దేశములకు రైలుబండిని, న్యాయస్థానమును, దస్త్రముల కచ్చేరీని గొనిపోయినట్లే తమ ఆటలను గూడ గొనిపోయిరి. కాలక్రమమున రాజ్యము చేజారిపోయినది. ఆటలు మాత్రము ఆ యా దేశములందే నిలిచిపోయినవి. నేర్చినవాడు నేర్పినవానిని మించిన సందర్భములును కలవు. మన దేశమున హాకీ, క్రికెట్టు ఇందుకు నిదర్శనములు. పసిఫిక్ మహాసముద్రమున ఫిజీ దీవులలో రగ్బీ ఆట చరిత్రము ఇట్టిదే. సుమారు 9 లక్షల జనాభా గల ఆ చిన్న దేశము ఆస్ట్రేలియాను, వేల్సును, ఫ్రాన్సును, కడపట ఇంగ్లండును గూడ ఈ ఆటలో ఓడించినది.

ఆ జట్టు కథను చదువునపుడు గెలుపోటములతోబాటు మరియొక ప్రశ్నయు వెంట వచ్చుచుండును. ఒక దేశము పేర మైదానమున దిగు పదునైదుగురు ఆ దేశమున నివసించు వారందరికిని ప్రతినిధులు ఎప్పుడు, ఎట్లు కాగలరు? ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. ఏలయన చెరకు తోటల కూలీలుగా ఆ దీవులకు జేరిన భారతీయులలో తెలుగువారును ఉండిరి. వారి సంతతి నేటికిని అక్కడ నున్నది.

ఫిజీ దేశమున 300 కు పైగా దీవులు కలవు. వానిలో వీటీ లేవు, వనువా లేవు అనునవి పెద్దవి. రాజధాని సువా నగరము వీటీ లేవు ద్వీపమున గలదు. 1874 అక్టోబరు 10 వ తేదీన బావు ద్వీప ప్రభువగు సేరూ ఎపెనీసా దకొంబావును, ఇతర నాయకులును తమ దీవులను బ్రిటిషు రాణికి అప్పగించిరి. మరుసటి సంవత్సరముననే పొంగుజ్వరము వ్యాపించి సుమారు 40 వేలమంది దీవివాసులు మరణించిరి. గవర్నరు సర్ ఆర్థరు గార్డన్ మిగిలిన ప్రజలను తోటల పనికి లాగకుండ, వారి గ్రామములయందు, వారి నాయకుల క్రిందనే ఉండనిచ్చు విధానమును అవలంబించెను. తోటలకు కూలీలు వేరుచోటనుండి రావలసివచ్చిరి. 1879 మే 14 వ తేదీన లియోనిడాస్ అను ఓడ భారతీయ కూలీలతో ఫిజీ రేవు జేరినది. అది మొదలు 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు గిర్మిటు పత్రములపై వ్రేలిముద్రలు వేసి అక్కడికి పోయిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు సాగినవి. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఆ యోడలలో నుండిరి.

ఈ విధముగా ఒకే దీవిలో మూడు సమాజములు ప్రక్కప్రక్కనే, కాని వేరువేరుగా బ్రతుకుట ఆరంభమైనది. ఊరిలో దీవివాసి, తోటలో భారతీయుడు, కచ్చేరీలోను కంపెనీలోను తెల్లవాడు. రగ్బీ ఆ దీవులలో అడుగిడిన కాలమునకు పరిస్థితి ఇది.

ఆటను గురించి నాలుగు మాటలు చెప్పుట అవసరము. రగ్బీని రెండు పక్షములవారు పదునైదుగురు చొప్పున ఆడుదురు. బంతి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో అందించునపుడు వెనుకనున్న సహచరునికే అందింపవలెను. బంతి పట్టినవానిని ప్రతిపక్షులు పట్టి నేల గూల్చవచ్చును. ప్రతిపక్షుల గీత దాటి బంతిని నేలకు తాకించుటకు 'ట్రై' అని పేరు. మన చెడుగుడు ఎరిగినవారికి ఇందలి పట్టును, పరుగును, తప్పించుకొను నేర్పును ఊహించుట కష్టము కాదు. పూర్వము ట్రైకి 3 పాయింట్లు ఇచ్చెడివారు. 1971 నుండి 4, 1992 నుండి 5. కావున పాత ఆటల పాయింట్లను నేటి లెక్కతో పోల్చరాదు.

ఫిజీలో ఈ యాట మొదట 1884 ప్రాంతమున వీటీ లేవు ద్వీపమందలి బా అను పట్టణమున ఆడిరి. ఆడినవారు తెల్ల సిపాయిలు, దేశీయ పోలీసు దళమువారు. బా చెరకు సీమ. రెండేండ్ల తరువాత అక్కడ పంచదార మిల్లు వెలసినది. భారతీయ కూలీలు ఆ ప్రాంతమున స్థిరపడిరి. రగ్బీ పుట్టిన చోటును, గిర్మిటు కూలీలు చెమటోడ్చిన చోటును ఒక్కటియే. అయినను ఆ రెండు చరిత్రములు చిరకాలము కలిసికొనలేదు.

1913 లో తెల్లవారు ఒక రగ్బీ సంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరముననే న్యూజిలాండు జట్టు అమెరికా పర్యటన ముగించుకొని స్వదేశమునకు పోవుచు సువాలో ఓడ దిగి ఒక ఆట ఆడినది. ఫిజీ పేర ఆడిన పదునైదుగురును తెల్లవారే. న్యూజిలాండు 67 పాయింట్లు, ఫిజీ 3. ఫిజీ దేశము పేర ఆడిన ఆ తొలి ఆటలో ఫిజీ జాతీయుడు ఒక్కడైనను లేడు. 1915 లో దీవివాసులకు వేరుగా మరియొక సంఘము ఏర్పడినది. ఒక ఆటకు రెండు సంఘములు, ఒక ఊరిలో రెండు పోటీలు. పాలకునికి, పాలితునికి నడుమ పాఠశాలలోను, వైద్యశాలలోను ఉన్న గోడయే మైదానమునను లేచినది. ఆ రెండు సంఘములు కలియుటకు కొన్ని దశాబ్దములు పట్టెను.

దీవివాసుల జట్టు దేశము పేర తొలిసారి అంతర్జాతీయ క్రీడ ఆడినది 1924 ఆగస్టు 18 వ తేదీన. టోంగా దీవులకు ఓడపై పోవుచు దారిలో పశ్చిమ సమోవా ముఖ్యపట్టణమగు ఆపియాలో ఆగిరి. సమోవావారికి నాడు సెలవుదినము కాదు, ఉద్యోగములకు పోవలసియుండెను. అందుచే ఆటను ఉదయము 7 గంటలకే ఆరంభించిరి. మైదానము మధ్యగీతపై ఒక పెద్ద చెట్టు ఉండెను. దానిని నరికివేయు ఆలోచన ఎవరికిని కలిగినట్లు లేదు. ఇరుపక్షములవారును చెట్టును తప్పించుకొనుచు ఆడిరి. ఫిజీ 6, సమోవా 0. ఆట ముగిసినంతనే సమోవా ఆటగాండ్రు పనులకు పోయిరి. రెండు దేశముల రగ్బీ చరిత్రములును ఆ ఉదయముననే ఆరంభమైనవి. ఆఫీసు వేళకు ముందు ఆట ముగించుకొనిన ఆ సమోవా ఉద్యోగులను నేటి ఉద్యోగస్థులును మెచ్చుకొనక మానరు.

టోంగాలో మూడు టెస్టులు జరిగినవి. టోంగా ఒకటి, ఫిజీ ఒకటి గెలిచెను. మూడవది పాయింట్లు లేకయే సమముగా ముగిసినది. సమోవాతో ఆడినపుడు ఫిజీవారి చొక్కాలు నల్లనివి. 1926 నుండి తెల్ల చొక్కా, నల్ల లాగు, ఎదపై కొబ్బరిచెట్టు గుర్తు వారి వేషమైనవి. నేటికిని ఆ తెల్ల చొక్కా మారలేదు. పాదరక్షల విషయమున మాత్రము వారికి తొందర లేకుండెను. వట్టికాళ్ళతో పరుగెత్తుటయు, బంతిని తన్నుటయు వారికి అలవాటు. 1938 లో న్యూజిలాండు మావోరి జట్టు ఫిజీకి వచ్చినపుడు జరిగిన మూడు టెస్టులలో చెరియొకటి గెలువగా ఒకటి సమమైనది. ఫిజీ జట్టు తొలిసారి బూట్లు తొడిగి ఆడినది ఆ పర్యటనలోనే.

మరుసటి సంవత్సరము, అనగా 1939 లో, ఫిజీ జట్టు న్యూజిలాండు పర్యటనకు పోయినది. ఆ జట్టు నాయకుడు రాతూ జార్జి దకొంబావు. ఫిజీ దీవులను బ్రిటిషు రాణికి అప్పగించిన ప్రభువునకు ఈయన మునిమనుమడు. ఫిజీ నుడిని రోమను లిపిలో వ్రాయునపుడు 'సి' అక్షరము 'ద' వంటి ధ్వనిని, 'బి' అక్షరము ముందు మకారము గల బకారమును తెలుపును. అందుచే కాగితముపై 'కాకోబావు' వలె గనుపించు పేరును ఆ దేశీయులు దకొంబావు అని పలుకుదురు.

న్యూజిలాండువారు ఆటకు ముందు మావోరి జాతివారి 'హాకా' నృత్యమును చేయుట ప్రసిద్ధము. దానికి దీటుగా తమ జట్టుకును ఒక నృత్యము ఉండవలెనని రాతూ జార్జి తలంచెను. బావు ద్వీపమందలి యోధవంశమునకు పెద్దయగు రాతూ బోలా అను నాయకుని అర్థించి, 'దింబి' అను యుద్ధనృత్యమును జట్టుకు నేర్పించెను. పూర్వము యోధులు జయించి మరలి వచ్చినపుడు ఆడు నృత్యమది. పర్యటనలో 8 ఆటలు ఆడి 7 గెలిచిరి, ఒకటి సమముగా ముగించిరి. మావోరి జట్టును 14-4 తో ఓడించిరి. న్యూజిలాండు గడ్డపై పూర్తి పర్యటన జరిపి ఓటమి ఎరుగక మరలిన తొలి జట్టు అదియే. తెల్లవాని ఆటకు తమ తాతల అడుగు కలిపి ఫిజీవారు దానిని సొంతము చేసికొనిన సంవత్సరముగా 1939 ని చెప్పవచ్చును. రాతూ జార్జి తరువాతి కాలమున స్వతంత్ర ఫిజీకి గవర్నరు జనరలు పదవి నధిష్ఠించిన మొదటి దీవివాసి యయ్యెను.

జయమునకు పిమ్మట ఆడవలసిన నృత్యమును యుద్ధమునకు ముందే ఆడుట సముచితమా యను ప్రశ్న ఆ దేశమున పెక్కేండ్ల తరువాత లేచినది. 2012 లో దింబికి బదులుగా 'బోలే' అను సవాలు నృత్యమును జట్టు స్వీకరించినది.

ఇంతవరకు చెప్పిన పేర్లలో భారతీయుని పేరు ఒక్కటియు లేదు. దీనికి దేహబలమును కారణముగా చెప్పుట వాడుక. కాని అసలు కారణము వ్యవస్థలో నున్నది. దీవివాసుల బాలురు గ్రామమైదానములందును, 1906 లో స్థాపితమైన క్వీన్ విక్టోరియా పాఠశాల వంటి తమ బడులందును రగ్బీ నేర్చిరి. ఊరిపెద్దలును, పోలీసు, సైనిక దళములును ఆ యాటకు అండ. భారతీయుల పిల్లలకు ఆ గ్రామములందు చోటు లేదు, ఆ బడులందు ప్రవేశము లేదు. దక్షిణ భారతీయులు 1926 లో తమ సంగమును స్థాపించుకొని బడులు పెట్టిరి. 1941 లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును ఏర్పరచుకొనిరి. ఆ బడుల ఆవరణలలో పిల్లలు ఆడినది ఫుట్‌బాలు. 1938 లో ఏర్పడిన ఫుట్‌బాలు సంఘము పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. 1961 లో గాని ఆ పేరునుండి 'ఇండియన్' అను మాట తొలగలేదు. రగ్బీ దీవివాసులది, ఫుట్‌బాలు భారతీయులది అను విభజన ఈ విధముగా స్థిరపడినది. ఒకరి ఆటను మరియొకరు దూరమునుండి చూచెడివారు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఫిజీ జట్టు పేరు సముద్రములు దాటినది. 1952 లో ఆస్ట్రేలియా పర్యటనకు పోయి రెండు టెస్టులలో ఒకటి ఓడి, రెండవది 17-15 తో గెలిచెను. 1954 లో మరల పోయి మరల ఒకటి ఓడి, సిడ్నీలో 18-16 తో ఒకటి గెలిచెను. ఆస్ట్రేలియా ప్రజలు ఫిజీవారి ఆట చూచుటకు విరగబడిరి. తక్కిన జట్లు బంతిని కాలితో తన్ని భూభాగము సంపాదించుటను నమ్ముకొనగా, ఫిజీవారు ఏ మూలనుండియైనను బంతిని చేతబట్టి పరుగు మొదలిడెడివారు. ఒంటిచేత అందించెడివారు, అందుకొనెడివారు. ఈ తీరును చూచియే ప్రపంచము వారిని 'ఎగిరే ఫిజియన్లు' అని పిలిచినది. జోసెఫా లెవూలా అను మెరుపు పరుగుగాడు ఆ కాలపు తారలలో నొకడు.

ఆ లెవూలాయే 1961 లో ఒరిసి దవాయి అను సహచరునితో గూడ ఇంగ్లండు పోయి, అక్కడ జీతమిచ్చి ఆడించు పదుమువ్వుర రగ్బీ లీగులో రాచ్‌డేల్ పట్టణపు జట్టున చేరెను. ఆ కాలమున పదునైదుగురి రగ్బీలో జీతము పుచ్చుకొనుట నిషిద్ధము. ఆటగాడు పొట్టకూటికై దేశమును వీడుట ఆ యిద్దరితో మొదలైనది. ఈ సంగతి ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

1964 లో ఫిజీ జట్టు వేల్సు దేశమున పర్యటించినది. కార్డిఫ్ నగరమున జరిగిన ఆటలో వేల్సువారు 28-22 తో గెలిచిరి. ఇరుపక్షముల ట్రైలు కలిపి 13. రగ్బీ ఎరిగిన ఆ దేశమున జనులు చిరకాలము చెప్పుకొనిన ఆట యది. అయినను వేల్సు సంఘము దానిని పూర్తి అంతర్జాతీయ క్రీడగా గణింపలేదు. తమ ఆటగాండ్రకు దేశపు టోపీల నీయలేదు. చిన్న దేశముతో ఆడుటయే గొప్ప ఉపకారమని తలంచు రోజులవి. 1970 అక్టోబరు 10 వ తేదీన ఫిజీ స్వతంత్రమైనది. ఆ నెల 24 వ తేదీననే, ఇంగ్లండులో గాస్‌ఫర్త్ మైదానమున, బ్రిటను దేశపు మేటి ఆటగాండ్రను జేర్చిన బార్బేరియన్స్ జట్టును ఫిజీ 29-9 తో ఓడించినది. స్వాతంత్ర్యమునకు రెండు వారముల వయస్సు. 1977 ఆగస్టు 16 వ తేదీన మరియొక విశేషము జరిగినది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఐర్లండుల సంయుక్త జట్టగు బ్రిటిషు లయన్స్ న్యూజిలాండు పర్యటన ముగించుకొని సువాలో ఆగగా, పియో బోస్కో తికోయిసువా నాయకత్వమున ఫిజీ ఆ జట్టును 25-21 తో ఓడించినది.

1987 సంవత్సరము ఫిజీ చరిత్రమున మరపురానిది. ఏప్రిల్ మాసమున డాక్టరు తిమోథీ బవాంద్రా ప్రధానిగా, భారత సంతతివారి విశేష మద్దతుతో నూతన ప్రభుత్వము ఏర్పడినది. మే 14 వ తేదీన లెఫ్టినెంటు కర్నల్ సితివేనీ రంబుకా సైనికులతో పార్లమెంటున ప్రవేశించి ఆ ప్రభుత్వమును కూలద్రోసెను. లియోనిడాస్ ఓడ వచ్చినదియు మే 14 వ తేదీయే. నడుమ సరిగా 108 ఏండ్లు. రంబుకా యౌవనమున ఫిజీ రగ్బీ జట్టులో ఆడినవాడు. ఇది జరిగిన పదవనాడు, మే 24 న, న్యూజిలాండులోని హామిల్టన్ నగరమున ఫిజీ జట్టు తొలి ప్రపంచ కప్ పోటీలో అర్జెంటీనాను 28-9 తో ఓడించినది. తరువాత న్యూజిలాండు చేతను, ఇటలీ చేతను ఓడినను, ట్రైల లెక్కలో మించియుండుటచే క్వార్టర్ ఫైనల్ జేరినది. అక్కడ ఫ్రాన్సుపై సెవేరో కోరొండువాండువా బంతిని ఒంటిచేత బట్టి గీత దిశగా పరుగెత్తుచుండగా బంతి చేజారి పడినది. ఫ్రాన్సు 31, ఫిజీ 16. ఒంటిచేతి ఆట ఫిజీకి పేరు తెచ్చినది. ఆనాడు ఆశను జార్చినదియు నదే.

మైదానమున ఆ జట్టు ఫిజీ పేరును నిలుపుచుండిన దినములలోనే, స్వదేశమున నాలుగు తరములనుండి బ్రతుకుచున్న భారత సంతతివారు తాము ఆ పేరునకు తగుదుమా యని సందేహింపవలసివచ్చినది. 1990 లో వచ్చిన రాజ్యాంగము ప్రధాని పదవిని దీవివాసులకే పరిమితము చేసినది. వేలాది కుటుంబములు ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు, కెనడాకు తరలిపోయినవి. వారిలో తెలుగు కుటుంబములును కలవు. ఒకసారి సముద్రము దాటిన వంశములు మరల సముద్రము దాటవలసివచ్చినది.

జట్టునకును కష్టకాలము వచ్చినది. 1991 ప్రపంచ కప్‌లో ఒక్క ఆటయు గెలువలేదు. 1995 పోటీకి అర్హతయే సంపాదింపలేకపోయినది. ఆ 1995 లోనే పదునైదుగురి రగ్బీలో జీతము పుచ్చుకొనుటపై నిషేధము తొలగినది. లెవూలా నడచిన బాట రాజమార్గమైనది. మంచి ఆటగాడు పదునెనిమిదేండ్లు నిండుసరికే న్యూజిలాండు, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, జపాను దేశముల క్లబ్బులకు పోవుచుండెను. కొందరు ఆ దేశముల జాతీయ జట్లలోనే చేరిరి. నాండి పట్టణమున జన్మించిన జో రొకొథోకో న్యూజిలాండు తరఫున 68 టెస్టులలో 46 ట్రైలు చేసెను. వారిని నిందించుట న్యాయము కాదు. వారు పంపు సొమ్ముతో ఊరిలో ఇండ్లు లేచినవి, తమ్ములు చదువుకొనిరి. పొలము పంటను అమ్ముకొనినట్లు ఫిజీ తన ఆటగాండ్రను పెంచి పొరుగువారి కిచ్చుచున్నది. తాను ఆడునపుడు మాత్రము వారు అందుబాటులో నుండరు. ఉద్యోగార్థమై ఊరు విడిచినవారికి ఈ చిక్కు తెలియనిది కాదు.

అయినను ఏడుగురి రగ్బీలో ఫిజీకి ఎదురులేని కాలమది. అదే మైదానమున ఏడుగురే ఆడు ఆ పొట్టి ఆటలో ఖాళీస్థలము ఎక్కువ. పరుగెత్తు వానిదే రాజ్యము. వైసాలే సెరేవి అను మేటి ఆటగాడు 1997 లో, 2005 లో ప్రపంచ కప్ గెలిచిన జట్లలో నుండెను. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీని ముంచెత్తి 44 మంది ప్రాణములను బలిగొన్నది. ఆ ఆగస్టులో రియో ఒలింపిక్సునందు ఒసేయా కోలినిసావు నాయకత్వమున ఏడుగురి జట్టు ఫైనలులో బ్రిటనును 43-7 తో ఓడించి బంగారు పతకమును గెలిచినది. ఫిజీ దేశమునకు ఒలింపిక్సులో ఏ క్రీడయందైనను లభించిన తొలి పతకము అదియే. దేశమంతట సెలవు ప్రకటించిరి. 2017 లో ప్రభుత్వము 7 డాలర్ల నోటును అచ్చొత్తించినది. ఆ సంబరమున సువా వీథులలో దీవివాసులును, భారత సంతతివారును కలిసియే నడచిరి. 2021 లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు మరల బంగారము ఫిజీదే. 2024 పారిసున ఫ్రాన్సు చేత ఓడి వెండి పతకము పొందిరి.

పదునైదుగురి జట్టు మరల తలయెత్తిన తొలి సందర్భము 2007. ఆ సెప్టెంబరు 29 వ తేదీన ఫ్రాన్సులోని నాంత్ నగరమున, ప్రపంచ కప్‌లో, ఫిజీ వేల్సును 38-34 తో ఓడించినది. 1964 లో టోపీల నీయని వేల్సుకు నలుబది మూడేండ్ల తరువాత లభించిన సమాధానము. క్వార్టర్ ఫైనలులో, ఆ సంవత్సరము కప్ గెలిచిన దక్షిణాఫ్రికాతో ఒక దశలో 20-20 గా నిలిచి, కడకు 37-20 తో ఓడినది. 2018 లో ఫ్రాన్సును పారిసుననే 21-14 తో గెలిచినది. 2019 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే చేత 30-27 తో ఓడినది. మహాబలులను గెలుచుట, సామాన్యుల చేత ఓడుట ఆ జట్టునకు అలవాటు.

ఈ అలవాటునకు మందు ఏమి? ఆటగాండ్రు సంవత్సరమంతయు స్వదేశమున కలిసి సాధన చేయు నెలవు కావలెనని అందరును ఎరిగినదే. 2022 లో ఆ కోరిక తీరినది. ఫిజియన్ ద్రువా అను జట్టు ఆస్ట్రేలియా, న్యూజిలాండు జట్ల సూపర్ రగ్బీ పోటీలో ప్రవేశించినది. ద్రువా యనగా రెండు దోనెలను జంటగా కట్టిన పూర్వపు యుద్ధనౌక. జీతము స్వదేశముననే లభించుటచే పెక్కుమంది యువకులు నిలిచిపోయిరి. ఫలితము మరుసటి సంవత్సరముననే కనుపించినది. 2023 ఆగస్టు 26 వ తేదీన లండనులో ట్వికెన్‌హామ్ మైదానమున ఫిజీ ఇంగ్లండును 30-22 తో తొలిసారి ఓడించినది. సెప్టెంబరు 17 న ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాను 22-15 తో ఓడించినది. ఆస్ట్రేలియాపై గెలుపు 1954 తరువాత ఇదియే మొదలు, నడుమ 69 ఏండ్లు. తరువాత పోర్చుగలు చేత 24-23 తో ఓడినను క్వార్టర్ ఫైనల్ జేరి, ఇంగ్లండుతో పోరాడి 30-24 తో ఓడినది. 2024 నవంబరులో కార్డిఫ్ నగరముననే వేల్సును 24-19 తో గెలిచినది.

మొదట వేసికొనిన ప్రశ్నకు మరల రావలెను. ఫిజీలో 'ఫిజియన్' అను మాటకు చిరకాలము దీవివాసి యనియే అర్థము. అక్కడనే పుట్టి పెరిగిన భారత సంతతివాడు 'ఇండియన్'. 2013 రాజ్యాంగము ఆ దేశపౌరులందరును ఫిజియన్లే యని ప్రకటించినది. దీవివాసులకు 'ఇతౌకేయి' అను వారి సొంత పేరు నిలిచినది. 2022 డిసెంబరున ప్రధానియైన సితివేనీ రంబుకా, 2023 మే 14 వ తేదీన, తాను 1987 లో చేసిన పనికి బహిరంగముగా క్షమాపణ కోరెను. అదే నెలలో తొలిసారి గిర్మిటు దినమును జాతీయ సెలవుగా పాటించిరి. ఇంగ్లండును, ఆస్ట్రేలియాను జట్టు ఓడించిన సంవత్సరము అదియే.

1913 నాటి జట్టులో దీవివాసి లేడు. 1924 నాటి జట్టులో అందరును దీవివాసులే. నూరేండ్లు గడచినను జట్టు జాబితాలో భారతీయుల పేర్లు అరుదు. బడులు, ఊళ్ళు కలియనిదే ఆట కలియదు. కాని మైదానమునకు వెలుపల మార్పు కనుపించుచున్నది. బా పట్టణమున రగ్బీ ఆడిన తొలి సిపాయిల కాలమున ఆ చెరకు తోటలలోని కూలీకి ఆ యాట రాజుల వినోదము. ఆ కూలీ మునిమనుమడు నేడు తెల్ల చొక్కాపై కొబ్బరిచెట్టును తనదిగా తలంచి అర్ధరాత్రి మేల్కొని ఫ్రాన్సులో జరుగు ఆటను చూచుచున్నాడు. ఆ చొక్కాను తన బిడ్డయు తొడుగగల దినము వచ్చునపుడు ఫిజీ జట్టు చరిత్రమున ఆ ఆటయు, ఆపియాలో చెట్టు చుట్టును పరుగెత్తిన ఉదయము వలెనే, మరపురానిదగును.